గోడ మీద వంద

ఏప్రిల్ 3, గురువారం

కొత్త డ్యూటీ. మట్టికోట లోపల పోచమ్మ గల్లీ. డ్రైనేజీ పైపులు వేస్తున్నారు. ఈ ఖిలాలో, అంటే కోటలో, ఎక్కడ తవ్వినా మా పురావస్తు శాఖ మనిషి ఒకరు పక్కన నిలబడి చూడాలని రూలు. ఎండలో నిలబడే పని కాబట్టి పర్మనెంట్ వాళ్లెవరికీ తీరిక దొరకలేదు. కాంట్రాక్ట్ టెక్నికల్ అసిస్టెంట్ యమునకు, అంటే నాకు, దొరికింది.

నాలుగేళ్లుగా ఇలాంటి గుంతల పక్కనే నిలబడుతున్నాను. ఇప్పటిదాకా దొరికినవి: పెంకులు, బీరు సీసాలు, ఒక నోకియా ఫోన్.

జేసీబీ నడిపే అతని పేరు దావీదు. ధర్మసాగర్ నుంచి బైక్ మీద వస్తాడు. స్టీరింగ్‌కు తల ఆనించి ప్రార్థన చేసుకుంటే గానీ తాళం తిప్పడు. బండి అతనిది కాదు, ఏజెన్సీది. అయినా సాయంత్రం శుభ్రంగా కడిగి గానీ ఇంటికి పోడట. వాచ్‌మన్ మొగిలయ్య. గుంత కంటే ఎక్కువగా చాయ్ బండికి కాపలా కాసే మనిషి.

నాకు కుర్చీ వేసింది సదానందం అనే పెద్దాయన. గుంతకు ఎదురుగా ఆయనది రేకుల ఇల్లు. పాత మిల్లు కార్మికుడు, డెబ్బై దాటాయి. భార్య మల్లక్క బీడీలు చుడుతుంది. పొద్దున్నుంచి మూడుసార్లు చాయ్ ఇచ్చారు. వద్దంటే, ఎండల ఉన్నవు బిడ్డా, మా ఇంటి ముంగట నువ్వు కిందపడ్డవంటే మాకు మాటొస్తది అంది మల్లక్క.

మధ్యాహ్నం ఎత్తులు కొలిచే లెవెల్ పెట్టుకున్నాను. దానికి కదలని గోడ ఒకటి కావాలి. సదానందం ఇంటి బేస్‌మెంట్ గోడ గట్టిగా ఉంది. ఎర్ర పెయింట్‌తో ఒక బాణం గీసి, పక్కన 100.00 అని రాశాను. ఆ గీతను వంద మీటర్ల ఎత్తు అనుకుని అక్కడి నుంచి లోతులన్నీ కొలుస్తాం. నిజంగా వందేమీ కాదు. ఎంత కిందికి పోయినా లెక్క మైనస్‌లోకి పోకుండా చేసుకున్న ఒప్పందం. ఆ టైమ్‌లో వాళ్లిద్దరూ రేషన్ షాపుకు పోయారు. వచ్చాక చెప్పాలనుకున్నాను. మరిచిపోయాను.

ఏప్రిల్ 4, శుక్రవారం

నాలుగేళ్లకు ఒక నేల దొరికింది.

పదకొండు దాటాక దావీదు ఉన్నట్టుండి బండి ఆపాడు. ఎందుకు ఆపావని కేకేశాను. బకెట్ పండ్లకు సప్పుడు మారింది మేడమ్, ఇది ఉత్త మన్ను గాదు అన్నాడు. ఇంకొక్కసారి బకెట్ గుంజి ఉంటే ఈ పేజీ రాసే పనే ఉండేది కాదు.

దిగి చూశాను. రోడ్డుకు ఆరడుగుల కింద, నల్లటి బూడిద పొర. దాని కింద ఎర్రగా ఇటుకలా కాలిన నేల. రెండు చాపలు పరిచినంత. ఒక మూల పొయ్యి గడ్డలు, పగిలిన కుండ అంచులు. ఆ అంచులు మాకు కాకతీయుల కాలం పొరల్లో దొరికే రకం. ఇల్లు తగలబడి ఉంటుంది. మంటకు మట్టి నేల మొత్తం కాలి గట్టిపడింది, అందుకే మిగిలింది. ఏ మంట అన్నది నేను చెప్పను. కోట కాబట్టి అందరికీ ముట్టడి గుర్తొస్తుంది. పొయ్యిలోంచి ఎగిరిన నిప్పురవ్వకు కూడా ఇల్లు తగలబడుతుంది.

బ్రష్‌తో బూడిద తీస్తుంటే నేల మీద గీతలు కనిపించాయి. నాలుగేసి గీతలు, చంద్రవంక ఆకారంలో, ఒకదాని పక్కన ఒకటి. మొదట అర్థం కాలేదు. తర్వాత అరచేయి వాటి మీద పెట్టి చూశాను. సరిపోయింది.

ఎవరో చేత్తో అలికిన నేల.

ఏప్రిల్ 5, శనివారం

మా సుదర్శన్ సార్‌కు ఫొటోలు పంపాను. సార్ నాలుగేళ్లలో మొదటిసారి తనంతట తానే ఫోన్ చేశాడు. హైదరాబాద్ నుంచి పెద్ద సార్ 15న, మంగళవారం, వస్తాడట. అప్పటిదాకా నేల మీద చెయ్యి పడకూడదు. పెద్ద సార్ ఒప్పుకుంటే పైపును మూడడుగులు అవతలికి, ఖాళీ జాగా వైపు వంచుతారు. నేల ఉండిపోతుంది. ఒప్పుకోకపోతే పైపు తిన్నగా నేల మీదుగానే పోతుంది.

ఏజెన్సీ మేనేజర్ గునిశాడు గానీ 15 వరకు ఆగుతానన్నాడు. దావీదు బండితో గల్లీ అవతలి కొసన పని చేస్తాడు.

పది రోజులు. ఈ ఒక్క నేలను పది రోజులు కాపాడితే చాలు.

ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి. గల్లీలో నాలుగిళ్ల నుంచి పానకం, వడపప్పు. కడుపు ఉబ్బింది.

ఏప్రిల్ 7, సోమవారం

మల్లక్కను గుంతలోకి దింపాను. రూలు ప్రకారం దింపకూడదు. కానీ ఆమె పైనుంచి తొంగిచూస్తూ, గట్ల కాదు బిడ్డా, ఆమె అటు మొఖాన కూసుండి అలికింది అంటుంటే ఊరుకోలేకపోయాను.

చెప్పులు విడిచి దిగింది. గొంతుక్కూర్చుని గీతల మీద చెయ్యి ఆడించింది, తగలకుండా. గోడ మూలన మొదలుపెట్టి వెనక్కి వెనక్కి జరుగుతూ గుమ్మం దాకా వచ్చిందట. అందరు ఆడోళ్లు అట్లనే అలుకుతరు, ముందుకు పోతే తడి మీద తనే తొక్కాలె గద అంది. చెయ్యి చిన్నదట, పిల్ల కావచ్చు, కొత్త కోడలు కావచ్చు. పెండ తక్కువేసి ఎర్రమన్ను ఎక్కువ కలిపిందట. గుమ్మం దగ్గర ఒక చోట గీతలు లేకుండా నున్నగా ఉంది. నేను దాన్ని అరుగుదల అని రాసుకున్నాను. మల్లక్క చూసి నవ్వింది. అలుకు పచ్చిగున్నప్పుడు ఎవడో తొక్కిండు, మల్ల పూసింది, ఆనికి వీపు పలిగే ఉంటది అంది.

నేను ఎంఏ చదివాను. నెట్ పరీక్ష రెండుసార్లు రాశాను. ఈ ముక్క ఏ పుస్తకంలోనూ లేదు. డ్రాయింగ్‌లో అరుగుదల అన్నది కొట్టేసి, రిపెయిర్ అని రాశాను. సోర్స్ అన్న చోట మల్లక్క పేరు రాశాను. సుదర్శన్ సార్ కొట్టేస్తాడు. కొట్టేయనీ.

ఏప్రిల్ 8, మంగళవారం

దావీదు పని అయ్యాక వచ్చి, ఒక్క ఫొటో తీయమని అడిగాడు. నేల పక్కన తను నిలబడి. స్టేటస్ పెట్టుకుంటాడట. నేనే దొరకబట్టిన మేడమ్, మా రెబెకా నమ్ముతలేదు అన్నాడు. తీశాను. చొక్కా గుండీలు పెట్టుకుని, పెళ్లిఫొటోకు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

నువ్వు రోజూ ఏం రాస్తవు మేడమ్ అని అడిగాడు, ఈ బుక్ చూసి. జరిగింది రాసుకుంటానన్నాను. మంచి అలవాటు, దేవుడు కూడా గట్లనే రాసుకుంటడు అన్నాడు.

ఏప్రిల్ 9, బుధవారం

గల్లీవాళ్లకు నా పని మీద ఇంట్రెస్ట్ వచ్చినట్టుంది. పొద్దున్నుంచి ఒకటే ప్రశ్నలు.

సమ్మమ్మ అని మూలింటామె, ఎన్ని ఫీట్లు మేడమ్ అని అడిగింది. ఇప్పటికి ఆరు, ఇంకా పెరగొచ్చు అన్నాను. ముక్కు మీద వేలేసుకుంది. మాకేమన్న ఇస్తరా అంది. దొరికిన వస్తువులు ఎవరికీ ఇవ్వరమ్మా, ఇక్కడ ఉన్నదంతా సర్కారుదే అని కొంచెం గట్టిగానే చెప్పాను. ముందే చెప్పకపోతే పూసలు, పెంకులు మాయమవుతాయి.

తర్వాత సదానందం. గోడ మీద నేను రాసిన గుర్తు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఇది వందేనా మేడమ్ అన్నాడు. వందే అన్నాను. పక్కానా అన్నాడు. పక్కా, పని మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది, ఇక మార్చడానికి లేదు, సున్నం కొట్టొద్దు, పిల్లల్ని కూడా చెయ్యి పెట్టనీయొద్దు అన్నాను. ఎవల ఆర్డర్ అని అడిగాడు. నేనే పెట్టాను తాతా, నాదే ఆర్డర్ అని నవ్వాను. తలూపి లోపలికి పోయాడు.

చదువుకోకపోయినా సర్వే గురించి ఇంత శ్రద్ధగా అడిగినవాళ్లను నేను చూడలేదు.

ఏప్రిల్ 10, గురువారం

చాయ్ రాలేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

కుర్చీ కూడా లేదు. మొగిలయ్య ఎక్కడి నుంచో ఒక సిమెంటు ఇటుక తెచ్చి పెట్టాడు. మల్లక్కను పిలిస్తే బీడీలున్నయి అని తలుపు దగ్గరికి వేసింది. నేను పోతుంటే పిల్లల్ని లోపలికి పిలుస్తున్నారు. బాటిల్‌లో నీళ్లు అడిగితే సమ్మమ్మ నల్లా రాలేదంది. నల్లా నీళ్లు పడుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

వారం నుంచి ఇంటి ముందు గుంత, దుమ్ము. విసుగొచ్చి ఉంటుంది. నాకూ ఒళ్లు మండింది. వాళ్ల గల్లీకి పేరొస్తుంటే మొహం తిప్పుకుంటారా? ఇంకా నాలుగు రోజులే. తర్వాత మీ గల్లీ మీది.

తడి గోనెసంచులు కప్పి వచ్చాను. ఎండకు నేల చిట్లకుండా రోజుకు రెండుసార్లు తడపాలి.

ఏప్రిల్ 13, ఆదివారం, మధ్యాహ్నం 2

పోయింది.

వరుసగా రాయాలి. లేకపోతే రేపటికి నేనే మార్చేసుకుంటాను.

నిన్న సాయంత్రం ఐదున్నరకు దావీదు బండి కడిగి, తాళం వేసి, రేపు మట్టల ఆదివారం మేడమ్, పొద్దుందాక చర్చిలోనే అని చెప్పి పోయాడు. నేను గోనెసంచులు తడిపి రూమ్‌కొచ్చాను. తలనొప్పి. ఏమీ రాయకుండా పడుకున్నాను. అప్పటికి నేల బాగానే ఉంది.

ఈరోజు పదిన్నరకు మళ్లీ తడుపుదామని పోయాను. మొగిలయ్య చాయ్ బండి దగ్గర ఉన్నాడు. గుంత చుట్టూ గల్లీ మొత్తం నిలబడి ఉంది. మల్లక్క గుంత అంచున కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

సదానందం గుంతలో ఉన్నాడు. బనీను మీద. చేతిలో గడ్డపార. నేల లేదు. ముక్కలు. అరచేతంతవి, బొటనవేలంతవి. పొయ్యి గడ్డలు కూడా వదల్లేదు. ఆయన అరచేతులు చిట్లి నెత్తురు కారుతోంది.

నేను అరిచాను. నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయను. మా నాన్న కంటే పెద్దవాణ్ని పట్టుకుని అరేయ్ అన్నాను. ఆయన నేను అలిసిపోయేదాకా ఆగి, అయిపోయింది మేడమ్, ఇగ పెద్ద సార్ వచ్చి సూసేదేం లేదు, ఇగ మా ఇంటి మీద మీ వంద ఎందుకు, తుడిచెయ్యి అన్నాడు.

ఏ వంద అన్నాను. గోడ చూపించాడు.

పదహారేళ్ల కింద హన్మకొండలో ఆయన ఇంటి గోడ మీద ఇట్లాగే ఎర్ర పెయింట్‌తో 80 అని రాశారట. ఎనభై ఫీట్ల రోడ్డు. రెండర్రల ఇల్లు పోయి మెట్లు మిగిలాయట. రెండు వానాకాలాలు పరదా కింద ఉండి, తర్వాత ఇక్కడికొచ్చి ఈ రేకులు వేసుకున్నారట. మొన్న నేను వంద రాశాను. వంద ఫీట్ల రోడ్డు. కింద రాజుల ఇల్లు దొరికిందట, బస్సులల్ల జనం వస్తరట, రోడ్డు పెద్దగ కావాల్నట. గల్లీలో వారం నుంచి ఇదే మాట. ఎన్ని ఫీట్లంటే ఆరు, ఇంకా పెరగొచ్చు అన్నాను. ఏమన్నా ఇస్తారా అంటే అంతా సర్కారుదే అన్నాను. పక్కానా అంటే పక్కా, నాదే ఆర్డర్ అన్నాను. నవ్వాను కూడా.

నేల లేకపోతే రోడ్డు రాదనుకున్నాడు. అంతే.

అక్కడే నిలబడి చెప్పాను. అది రోడ్డు కాదు, ఎత్తు గుర్తు అని. పైపు వంగితే అవతలి ఖాళీ జాగాలోకి వంగేదని. మీ ఇంటికి ఏమీ అయ్యేది కాదని. మొత్తం విన్నాడు. అంటే రోడ్డు రాదా అన్నాడు. రాదు అన్నాను. మరి వంద పక్కా అని ఎందుకన్నవు బిడ్డా అని అడిగాడు. కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగాడు.

అప్పుడాయన గడ్డపార పక్కన పెట్టి, ముక్కలు ఏరి ఒకదాని పక్కన ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. గీతకు గీత కలిపి చూస్తున్నాడు. ముక్కల మీద నెత్తురు అంటుతోంది. వద్దు తాతా అని చెయ్యి పట్టుకుంటే గానీ ఆపలేదు.

మల్లక్క నాతో ఒకటే మాట అంది. అలికిన నేల మీద గడ్డపార దించొద్దని కాళ్లు పట్టుకున్న బిడ్డా, ఇల్లుంటెనే గద అలుకుడు అన్నడు.

ఏప్రిల్ 13, సాయంత్రం 6

సుదర్శన్ సార్‌కు ఫోన్ చేశాను. నేల దెబ్బతిన్నది సార్ అన్నాను. ఎట్లా అన్నాడు.

సదానందం పేరు చెబితే కేసు. పాత కట్టడం పగలగొట్టినందుకు స్టేషన్, కోర్టు, జైలు. ఎవరో తెలియదంటే పోలీసులు గల్లీకి వస్తారు. వచ్చిన ఐదు నిమిషాల్లో ఆ పెద్దాయనే చేతులు చూపిస్తాడు. అబద్ధం ఆడటం ఆయనకు రాదు.

మిషన్ తగిలింది సార్ అన్నాను. ఆదివారం మిషన్ నడవదు కదా అన్నాడు. నిన్న సాయంత్రం సార్, మీకు చెప్పడానికి భయపడ్డాను అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో. సార్‌కు కూడా తేలికైంది. తప్పు ఏజెన్సీ మీదికి పోతుంది కదా. రిపోర్ట్ రాసి మెయిల్ చెయ్యమన్నాడు.

గోడ మీద వంద నేనే థిన్నర్‌తో తుడిచాను. పెయింట్ పోయింది గానీ ఎర్ర మరక మిగిలింది.

ఏప్రిల్ 14, సోమవారం

అంబేడ్కర్ జయంతి, సెలవు. రూమ్‌లో కూర్చుని రిపోర్ట్ రాశాను. 12వ తేదీ సాయంత్రం యంత్రంతో తవ్వకం జరుగుతుండగా నేల దెబ్బతిన్నది.

ఒక్క మనిషి పేరు కూడా లేని వాక్యం. దెబ్బతిన్నది. మన భాషలో ఎంత సౌకర్యమో, ఎవరూ కొట్టకుండానే దెబ్బ తినొచ్చు. రెండుసార్లు చదువుకున్నాను. ఇందులో ఎవరికీ ఏమీ కాదు అనుకుని పంపేశాను.

ఏప్రిల్ 15, మంగళవారం

పెద్ద సార్ వచ్చాడు. నాలుగు నిమిషాలున్నాడు. అయ్యో అన్నాడు. నా డ్రాయింగ్ చూసి, ఈ మల్లక్క ఎవరు, ఏ యూనివర్సిటీ అని అడిగాడు. సుదర్శన్ సార్ నా వంక చూశాడు. కొబ్బరినీళ్లు తాగి వెళ్లిపోయారు.

ముక్కలు మూడు సంచులు. నా మంచం కింద ఉన్నాయి.

ఏప్రిల్ 16, బుధవారం

పైపు తిన్నగా వేశారు. కొత్త ఆపరేటర్ వచ్చాడు. దావీదు ఎందుకు రాలేదని అడిగితే తెల్వదన్నాడు.

ఏప్రిల్ 17, గురువారం

దావీదును తీసేశారు.

మొగిలయ్య చెప్పాడు. ఆదివారం తను కాపలా వదిలి చాయ్ బండి దగ్గరున్నాడు కాబట్టి అతనూ నిజం ఎక్కడా చెప్పలేదు. ఆఫీసు నుంచి ఏజెన్సీకి నోటీసు పోయిందట. జవాబు ఇవ్వడానికి వాళ్లకో మనిషి కావాలి. గల్లీలో మిషన్ ఒకటే, దాని మీద మనిషి ఒకడే. పైగా అతని స్టేటస్ ఫొటో ఉంది కదా, నేల పక్కన నిలబడి. ఇగో, గుంతలోకి దిగి ఆటలాడిండు అన్నాడట మేనేజర్. లైసెన్స్ మీద కూడా రాసిస్తామని బెదిరించారట. అట్లా రాస్తే ఇంకెవరూ బండి ఇవ్వరు.

నేలను మొదట చూసి బండి ఆపినవాడు అతనే. ఆ ఫొటో తీసింది నేనే.

నేను ఎవరి పేరూ రాయలేదు. రాయకుండా వదిలిన జాగాలో వాళ్లే రాసుకున్నారు.

ఏప్రిల్ 18

గుడ్ ఫ్రైడే. అన్నం తినబుద్ధి కాలేదు. నేను క్రిస్టియన్‌ను కూడా కాదు.

ఏప్రిల్ 20, ఆదివారం

దావీదు నా రూమ్‌కు వచ్చాడు. ఈస్టర్ ఆరాధన అయ్యాక తిన్నగా ఇటే వచ్చినట్టున్నాడు, తెల్ల చొక్కా మీద ఉన్నాడు. వెంట భార్య రెబెకా. కూర్చోమంటే కూర్చోలేదు.

మేడమ్, శనివారం నేను మీ ముంగటనే బండి కడిగి తాళమేసిన గద అన్నాడు. అవును అన్నాను. అప్పుడు నేల మంచిగనే ఉన్నది గద, మీరు సంచులు తడుపుతున్నరు గద అన్నాడు. అవును అన్నాను. మరి ఎవరు పలగ్గొట్టిన్రు మేడమ్ అన్నాడు.

తెలియదు అన్నాను.

నా మొహంలోకి చూస్తాడనుకున్నాను. చూడలేదు. నమ్మాడు. జర మా మేనేజర్‌కు ఒక్క ఫోన్ చేసి చెప్పండ్రి మేడమ్, మీ మాటంటే వింటరు అన్నాడు. చూస్తానన్నాను. రెబెకా మాత్రం గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. మంచం కింద సంచుల వైపు చూసిందో, నా వైపు చూసిందో తెలియదు.

ఏప్రిల్ 22, మంగళవారం

ఆఫీసు నుంచి లెటర్. దావీదు కంప్లయింట్ ఇచ్చాడట, శనివారం ఏమీ జరగలేదని. ఎంక్వయిరీ వేశారు. సైట్ ఇంజనీరు, వాచ్‌మన్, నేను జవాబు చెప్పాలి. శుక్రవారం లోపల నా సైట్ డైరీ సబ్మిట్ చెయ్యాలి.

సైట్ డైరీ అడగమని చెప్పింది దావీదేనట. కంప్లయింట్‌లో రాశాడట. యమున మేడమ్ రోజు జరిగింది రోజు రాసుకుంటది, ఆమె బుక్ తెప్పించి చూడండి, అందులో నిజం ఉంటది అని.

నా దగ్గర వేరే సైట్ డైరీ లేదు. ఉన్నది ఇదే.

ఏప్రిల్ 23, బుధవారం

గల్లీకి పోయాను. సదానందానికి అంతా చెప్పి, మీరే ఒక మాట చెబుతారా అని అడుగుదామని పోయాను. పొద్దున్నుంచి రిహార్సల్ చేసుకున్నాను.

కుర్చీ వేశారు. చాయ్ ఇచ్చారు. సదానందం రెండు చేతులకూ కట్లు. అరచేతులు చీము పట్టి దవాఖానలో ఐదు రోజులున్నాడట. గల్లీ మీద సిమెంటు పోశారు, ఇంటి ముందు నున్నగా ఉంది. మల్లక్క గోడకు సున్నం కొట్టింది, మరక కనిపించకుండా. నీ దయ బిడ్డా, మమ్ముల కేసుల ఇరికియ్యలేదు అంది. నా రెండు చేతులూ పట్టుకుంది. దావీదు కనిపిస్తలేడు, మంచిగున్నడా అని సదానందం అడిగాడు. వేరే సైట్‌కు పోయాడన్నాను.

చాయ్ తాగి వచ్చేశాను.

ఏప్రిల్ 24, గురువారం

పొద్దున్నుంచి కూర్చుని ఆలోచించాను. ఈ బుక్ ఇస్తే సదానందం జైలుకు పోతాడు. ఇవ్వకపోతే దావీదుకు పని ఉండదు. ఇలా రాస్తే నేనేదో ఇద్దరి మధ్య నలిగిపోతున్నట్టుంది. అబద్ధం. ఈ బుక్ ఇస్తే నేను కూడా పోతాను. వంద నాది. పక్కా అన్న మాట నాది. తేదీ మార్చింది నేను. మే నెలలో కాంట్రాక్ట్ రెన్యువల్. సదానందం కోసం అని రాసుకుంటున్నదాంట్లో సగానికి పైగా నా కోసమే. సిగ్గేస్తోంది. సిగ్గుతోనే చౌరస్తాకు పోయి ఒక లాంగ్‌బుక్ కొనుక్కొచ్చాను.

3వ తేదీ నుంచి కొత్తగా రాస్తున్నాను. రెండు పెన్నులు మార్చి మార్చి. అన్నీ నిజాలే రాశాను, నేల కొలతలు, పొరలు, పెంకులు, అలికిన తీరు. మల్లక్క పేరు తీసేశాను. 11 దాకా అయిపోయింది. 12వ తేదీ దగ్గర చెయ్యి ఆగింది. అందులో కొట్టివేతలు ఉండకూడదు. ముందు ఇక్కడ రాసి చూసుకుంటాను.

ఏప్రిల్ 12, శనివారం, సాయంత్రం 5.20

ఎండ ఎక్కువగా ఉంది. జేసీబీ రివర్స్ తీస్తుండగా బకెట్ తగిలి నేల పగిలింది. ఆపరేటర్ దావీదు. ఆపమని కేకేశాను, వినిపించుకోలేదు. నేను అక్కడే ఉన్నాను.